వలలో వదిలిన దారి

మంచె ఎక్కిన మొదటి సాయంత్రమే సుగుణకు ఒక సంగతి తెలిసింది. తన వీపు వెనక ఎవరూ లేరు.

నలభై ఏళ్ళు దాటిన జీవితంలో అలాంటి చోట ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. ఏలూరులో ఒక మిషన్ హాస్టల్లో ఆయాగా పనిచేసినన్నాళ్ళూ పొడవాటి హాల్లో ఆడపిల్లల మధ్య చాప పరుచుకుని పడుకుంది. ఎవరో ఒకరు దగ్గేవారు, ఎవరో కలవరించేవారు, కొత్తగా చేరిన పిల్ల అమ్మ కావాలని ఏడ్చేది. ఆ పిల్లలంటే ఆమెకు ఇష్టమే. కానీ తలుపు వేసుకోవడం అనేది స్నానాల గదిలో తప్ప ఆమెకు తెలియదు. అక్కడ కూడా ఎవరో ఒక పిల్ల బయట నిలబడి "ఆంటీ, అయిందా?" అని అడుగుతూనే ఉండేది. హాస్టల్ మూసేశాక తమ్ముడు ఏసోబు వచ్చి, పెట్టె తనే మోసుకుని, అక్కను రాళ్ళమెట్టకు తీసుకొచ్చాడు. అతని ఇల్లు చిన్నది, మనసు పెద్దది. ముందుగదిలో మేనకోడళ్ళ పక్కన ఆమెకు చాప వేశారు.

తాడేపల్లిగూడెం నుంచి మెట్ట మీదికి వచ్చే బస్సుకు ఆఖరు ఊరు రాళ్ళమెట్ట. ఊరికి ఉత్తరాన రిజర్వు అడవి. అది పెద్ద అడవేం కాదు. పులి లేదు, చిరుత లేదు. ఉచ్చులు పెట్టేవాళ్ళను ఫారెస్టు వాళ్ళు పట్టుకెళ్ళడం మొదలయ్యాక దుప్పులకు ఆ భయమూ పోయింది. మందలు పెరిగాయి. మొదట్లో ఒకటో రెండో గట్టు మీద కనిపిస్తే పెద్దవాళ్ళు పిల్లల్ని పిలిచి చూపించేవారు. రెండు వేల ఏడు రబీ నాటికి మందలుగా దిగి, లేత మినుము మొక్కల్ని మొదలంటా కొరికి, మొక్కజొన్న మొవ్వులు పీకి, మిగిలింది తొక్కి పోతున్నాయి. ఒక చేలో తరిమితే పక్క చేలో పడేవి. పక్క చేనాయన తరిమితే మళ్ళీ ఇటు వచ్చేవి. అలా ఊరంతా దుప్పుల్ని ఒకరి మీదికి ఒకరు తోలుకుంటూ, ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ ఆ సంవత్సరం గడిపింది.

ఏసోబుకు నడుం నొప్పి. అతని భార్య ప్రభావతికి ఇద్దరు పిల్లలు, రెండు గేదెలు. పొద్దున్నా, సాయంత్రమూ మంచె మీద కాపలా ఉండే పని సుగుణ తీసుకుంది. నాలుగు సరుగుడు గుంజలు, పైన తాటాకు, ఎక్కడానికి నిచ్చెన, వాయించడానికి పాత నూనె డబ్బా, ఒక కర్ర. అంతే సరంజామా. అడవి అంచున ఆవులు మేసేవి. వాటి వెనక దుప్పులు మేసేవి. ఆవులు ఇంటిదారి పట్టే వేళకు దుప్పులు కూడా తల వంచుకుని, తామూ ఎవరి ఇంటికో చెందినవే అన్నట్టు, మంద వెనకే నడిచి వచ్చేవి. వాటి నటన చూస్తే సుగుణకు ముచ్చట వేసేది. బాగా దగ్గరికి రానిచ్చి, ఉన్నట్టుండి డబ్బా మోగించేది. చుక్కల వీపులన్నీ ఒక్కసారిగా గాల్లోకి లేచి అడవిలో పడేవి. ఆ తర్వాత చాలాసేపు ఏమీ ఉండేది కాదు. ఆ ఏమీ లేని సేపు కోసమే తను పొద్దుటి నుంచి ఎదురు చూస్తున్నానని ఆమెకు కొన్నాళ్ళకు అర్థమైంది. ఆ సేపట్లో ఆమె ఏ ఆలోచనా చేసేది కాదు. ఆలోచనలు వాటంతట అవే వచ్చి, కాసేపు కూర్చుని, లేచి పోయేవి. వాటికి అన్నం పెట్టక్కర్లేదు, జడలు వేయక్కర్లేదు.

క్రిస్మస్ వెళ్ళాక ఏసోబు కైకలూరు వైపు నుంచి రామకోటి అనే ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. కొల్లేట్లో సర్కారు చేపల చెరువుల గట్లు కొట్టేసిన దగ్గర్నుంచి రామకోటికి పని తగ్గింది. ఆయన దగ్గర, ఆయన చుట్టాల దగ్గర పాత లాగుడు వలలు గుట్టలుగా పడి ఉన్నాయి. అడవి అంచు పొడుగునా గుంజలు పాతి ఆ వలలు కట్టేస్తే దుప్పుల గొడవ ఉండదని ఏసోబు ఆలోచన. ఊళ్ళో అందరూ ఒప్పుకున్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఏసోబు సంతోషం పట్టలేకపోయాడు. "అక్కా, ఇక నువ్వు ఆ మంచె ఎక్కక్కర్లేదు. చలిలో, మంచులో నిన్నలా కూర్చోబెడుతుంటే నాకెంత సిగ్గుగా ఉండేదో తెలుసా? ఇక హాయిగా ఇంట్లో ఉండు, పిల్లలతో."

సుగుణ నవ్వింది. నవ్విన తర్వాత, ఆ నవ్వు తనకు తెలిసిందేనని గుర్తుపట్టింది. హాస్టల్లో తన వంతు కూర ఎవరికైనా వడ్డించేయవలసి వచ్చినప్పుడు, సెలవు రద్దయినప్పుడు వచ్చే నవ్వు అది. తన దగ్గర్నుంచి ఏదైనా పోతున్నప్పుడు అది అందరికంటే ముందు వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. కంచం కడుగుతూ కడుగుతూ చాలాసేపు కడిగేసింది.

"అరిగిపోతుంది వదినా, ఆ కంచం," అంది ప్రభావతి.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో మాటలు జరిగాయి. మగవాళ్ళు బల్లల మీద, ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. తనకు సంబంధం లేని గుడి అని మొహమాటపడి రామకోటి మెట్ల మీదే కూర్చోబోతే, సంఘకాపరి అయ్యగారు చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చి కుర్చీ వేయించారు.

"చుట్టూ మూసేస్తే కుదరదండి," అన్నాడు రామకోటి. "మీ ఆవులు రావాలి, కట్టెలకెళ్ళే ఆడోళ్ళు రావాలి. అదొకటి. రెండోది, చేపైనా అంతేనండి, ఎటూ దారి లేదనుకుంటే వల మీదికే దూకుద్ది. ఇది కొమ్ములున్న జంతువు. చిక్కుకుంటే చస్తది. ఫారెస్టోళ్ళు వచ్చి మిమ్మల్నీ నన్నూ కలిపి తీసుకెళ్తారు. ఒక్క దారి వదిలేద్దామండి. వల పక్కనే నడుచుకుంటూ ఆ దారి దగ్గరికే వస్తాయి అన్నీ. రాత్రిళ్ళు అక్కడ ముళ్ళకంప అడ్డం లాగేయొచ్చు. పొద్దునా సాయంత్రం మాత్రం ఓ మనిషి కాపలా ఉండాలండి."

"దారి ఎక్కడ వదులుతారు?" అని ఎవరో అడిగారు. అక్కడితో శాంతి పోయింది. మా చేను దగ్గర వద్దంటే మా చేను దగ్గర వద్దని అందరూ లేచారు.

"మీ చేపల సంగతేమో గానీ రామకోటిగారూ," అన్నాడు ప్రభుదాసు. అతనిది ఏసోబు చేను పక్క చేనే, మాట విసరకుండా ఉండలేని మనిషి. "మా దుప్పులకు తెలివెక్కువండి. దారి నా పక్కన పెట్టారంటే రేషను కార్డులు పట్టుకుని లైన్లో నిలబడతాయి."

నవ్వులు ఆగాక మళ్ళీ అరుపులు మొదలయ్యాయి. సుగుణ చాప అంచు నుంచి ఒక పుల్ల లాగి వేలికి చుట్టుకుంటూ ఉంది. దారి అంటే కాపలా. కాపలా అంటే మంచె. ఈ లెక్క ఆమెకు ఎవరికంటే ముందే తట్టింది. ఇంతమందిలో ఆమె ఎప్పుడూ నోరు విప్పలేదు. కావాలి అనే మాట ఆమె ఇతరుల తరఫున చాలాసార్లు వాడింది. పిల్లలకు దుప్పట్లు కావాలి, రెండో బాత్రూముకు గొళ్ళెం కావాలి. తన తరఫున వాడిన గుర్తు లేదు.

"మా చేను మూల పెట్టండి," అంది. "నేను చూసుకుంటాను."

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. ఏసోబు బల్ల మీంచి లేచాడు. "నీకెందుకక్కా ఈ కష్టం? అందరూ వద్దన్నదాన్ని నువ్వు నెత్తినేసుకోవడమేంటి?"

నాకిష్టంరా అని చెప్పాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆ చూపులన్నిటి మధ్య దాని బదులు ఇంకో మాట, బాగా వాడి అరిగిపోయిన మాట, బయటికొచ్చింది.

"పర్లేదులే."

ఆ ఒక్క మాటతో పని చెడింది. ఊరి దృష్టిలో అది త్యాగమైపోయింది. ప్రభుదాసు కూడా జోకు వేయకుండా కండువా సర్దుకున్నాడు. తర్వాతి ఆదివారం అయ్యగారు ప్రార్థనలో "ఈ గ్రామం కొరకు ఒంటరితనమును భరించుచున్న మా సహోదరి" అన్నప్పుడు సుగుణకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తినకూడని మిఠాయి దొంగిలించి తింటుంటే, పాపం ఆకలితో ఉందని నలుగురూ జాలిపడుతున్నట్టుంది.

జాలి అక్కడితో ఆగలేదు. స్త్రీల సమాజానికి పెద్ద దానమ్మ. గట్టి మనిషి, గట్టి గొంతు, మెత్తని మనసు. ఆరాధన అయ్యీ అవ్వగానే ఆడవాళ్ళందర్నీ నిలబెట్టింది.

"మనకు సిగ్గుండాలర్రా. ఆ పిల్ల మన చేలన్నిటికీ కాపలా కాస్తా ఒక్కత్తీ మంచె మీద కూర్చుంటే, మనం ఇళ్ళల్లో కాళ్ళు బారజాపుక్కూర్చుంటామా? వంతులేసుకుందాం. రోజుకిద్దరు చొప్పున తోడెళ్ళాలి."

"పెద్దమ్మా, ఎందుకండీ మీకు శ్రమ..." అంది సుగుణ.

"నువ్వూరుకోవే. నీకు నోరు లేదు గదా అని దేవుడు నాకిచ్చాడు."

రామకోటి వారం రోజుల్లో వల కట్టేశాడు. దుప్పులకు కనిపించాలని పాత చీరల పేలికలు దాని పొడుగునా వేలాడదీశాడు. ఏసోబు చేను మూల రెండు బళ్ళు పట్టేంత దారి వదిలాడు. ఆ సాయంత్రం నుంచే తోడు మొదలైంది.

ఒకామె కుట్టుపని తెచ్చుకుంది. ఒకామె కోడలి సంగతులు తెచ్చుకుంది. కంది బద్దలు బాగుచేస్తూ కూర్చున్న ఒకామె, మోకాళ్ళ నొప్పులతో నిచ్చెన ఎక్కలేక కింద నిలబడి పైకి అరుస్తూ మాట్లాడిన ఇంకొకామె, అందరూ ప్రేమగా వచ్చినవాళ్ళే. ఒకామె పొట్లంలో పునుగులు తెచ్చి సుగుణ చేత బలవంతంగా తినిపించింది. మంచె కిర్రుకిర్రుమంటుండేది. పాటలు పాడేవారు. హాస్టల్ హాలు ఒక్కసారిగా నాలుగు గుంజల మీద లేచి నిలబడినట్టుండేది. సుగుణ నవ్వుతూ ఉండేది. ఆ నవ్వు ఇప్పుడు సాయంత్రమంతా గుమ్మంలోనే ఉంటోంది.

మొదట్లో ఆ గోలకు ఒక్క దుప్పి రాలేదు. చూశారా అంది దానమ్మ, ఊరందరితో. కానీ జంతువు కూడా మనిషిలాగే, దేనికి భయపడాలో అనుభవం మీద నేర్చుకుంటుంది. రోజూ అదే గోల, రోజూ అదే పాట, ఆ తర్వాత ఏమీ జరగదు. ఇలాంటి దానికి ఎవరైనా ఎన్నాళ్ళు భయపడతారు? ఒక సాయంత్రం ఆడవాళ్ళు మంచె మీద కీర్తన మూడో చరణంలో ఉండగా ఆవులు దారిలోకి వచ్చాయి. వాటి మధ్య కొమ్ములున్న పెద్ద దుప్పి ఒకటి, దాని వెనక ఆడ దుప్పులు, పిల్లలు, పెళ్ళివారిలా నెమ్మదిగా నడిచి వచ్చాయి. సుగుణ డబ్బా కోసం వెతికింది. దాని మీద ఎవరో కూర్చుని ఉన్నారు.

"పాడండర్రా, గట్టిగా పాడండి!" అని కేక పెట్టింది దానమ్మ.

గట్టిగా పాడారు. పెద్ద దుప్పి తల ఎత్తి, చెవులు తిప్పి, కాసేపు విని, ప్రభుదాసు మినప చేలోకి దిగింది.

పొద్దున్న ప్రభుదాసు మోడులైన మొక్కల మధ్య నిలబడి మాట్లాడాడు. పోయింది రెండు చాళ్ళే కాబట్టి అతనిలో కోపం కంటే కథ చెప్పే సరదా ఎక్కువగా ఉంది. "దానమ్మక్కా, మీ పాటకు గుళ్ళో కూడా ఇంతమంది రారు గదండి. పిల్లా పాపలతో వచ్చి విన్నాయి."

"ఆపరా నీ వాగుడు," అంది దానమ్మ, మొహం చిన్నబుచ్చుకుని.

"ఉన్న మాటేనక్కా. సుగుణమ్మ ఒక్కత్తే ఉన్నప్పుడిలా లేదు. ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని ఉన్నట్టుండి మోగించేది. ఎక్కణ్ణుంచో తెలీక హడిలి చచ్చేవి."

ఏసోబు తల ఊపాడు. సుగుణ లోపల ఒక చిన్న దీపం వెలిగింది. ఇదిగో, దారి దొరికింది. దుప్పుల కోసమే నేను ఒంటరిగా ఉండాలి అని ఊరే ఒప్పుకుంటుంది. తను ఏమీ అడగక్కర్లేదు.

దానమ్మ కొంగు నడుముకు దోపింది. "సరే. గోల వద్దు. ఎవరూ రానక్కర్లేదు. నేనొక్కదాన్నే వస్తాను. నోరు విప్పను. ఏం, అంతేగా?"

నిజంగానే నోరు విప్పలేదు. మూడు సాయంత్రాలు దానమ్మ మంచె మీద ఒక మూల పెదాలు బిగించుకుని కూర్చుంది. ఏదో చెప్పాలని మొహం తిప్పేది, గుర్తొచ్చి చెయ్యి నోటి మీద పెట్టుకునేది. నిట్టూర్చేది. దుప్పులు వచ్చాయి, సుగుణ డబ్బా మోగించింది, పోయాయి. అంతా సవ్యంగా ఉంది. ఎవరూ అనడానికి ఏమీ మిగల్లేదు. అయితే తన కోసం ఒక మనిషి మౌనంగా ఉండటం మాట్లాడే పదిమంది కంటే బరువని సుగుణకు తెలిసింది. ఆ మౌనాన్ని ఆమె కనిపెట్టుకుని ఉండాలి, నొప్పి పడుతున్న పిల్ల పక్కన కూర్చున్నట్టు.

నాలుగో రోజు పొద్దున్న గేదె దగ్గర పాలు పితుకుతూ ప్రభావతి, తలెత్తకుండానే అంది. "ఒకటి అడగనా వదినా? ఇదివరకు మంచె దిగి వచ్చినప్పుడు మీ మొహం కడిగిన ముత్యంలా ఉండేది. ఇప్పుడేంటి, సంత నుంచి వచ్చినట్టు వస్తున్నారు?"

సుగుణ పర్లేదులే అనబోయి ఆగింది.

"నాకైతే," అంది ప్రభావతి, చెంబులో పాల చప్పుడు ఆపకుండా, "ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట, నా చుట్టూ ఎవరూ లేకుండా కూర్చోవాలనిపిస్తుంది. మీ తమ్ముడు కూడా ఉండకూడదు. చెబితే ఏమనుకుంటారో అని చెప్పను."

ఇన్నాళ్ళూ సుగుణ తనలో ఏదో తక్కువ ఉందనుకుంది. మనుషుల మీద ప్రేమ సరిగా ఉడకలేదనుకుంది. పిల్లల్నీ, తమ్ముణ్ణీ ప్రాణంగా చూసుకునే ప్రభావతికి కూడా అదే కోరిక ఉంటే, అది జబ్బు కాదేమో. దాహం లాంటిదేమో.

ఆ సాయంత్రం దానమ్మ నిచ్చెన ఎక్కి, కొంగుతో మొహం తుడుచుకుని, తన మూలలో సర్దుకుని, పెదాలు బిగించింది. ఎండ ఇంకా ఉంది. ఆవులు దూరంగా ఉన్నాయి.

"పెద్దమ్మా," అంది సుగుణ. "నాకు ఇక్కడ ఒక్కదాన్నే ఉండటం ఇష్టం."

దానమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుని, తీసేసింది. "ఒక్కదానివే అంటే?"

"ఎవరూ లేకుండా."

"నేను కూడానా?"

"మీరు కూడా."

దానమ్మ మొహంలో కష్టం కనిపించింది. "నేనేమన్నా అన్నానా అమ్మా? మూడ్రోజుల్నుంచీ నోరే తెరవలేదు గదే?"

ఇక్కడ నవ్వు రావాలి. వచ్చి గుమ్మంలో నిలబడాలి. సుగుణ దానికోసం చూసింది. రాలేదు. "మీరేమీ అనలేదండి. మీరంటే నాకు గౌరవం, ఇష్టం. కానీ ఈ దారి నేను అడిగింది ఊరి కోసం కాదు. ఈ మంచె పోతుందని అడిగాను. నాకెప్పుడూ ఒక గది లేదు పెద్దమ్మా. ఇక్కడ కూర్చుంటే నాకు బావుంటుంది. అంతే. ఇందులో కష్టం లేదు, త్యాగం లేదు. మీరందరూ పొగుడుతుంటే దొంగతనం చేసినట్టుంది."

దానమ్మ అడవి వైపు మొహం తిప్పింది. ఈ మాట ఊళ్ళోకి పోతే ఏమంటారో అనుకుంది సుగుణ. తోడు వద్దన్న మనిషి అంటారు. రేపు జ్వరమొస్తే ఎవరూ రారేమో. ఇవన్నీ ఆలోచించి కూడా, అన్న మాట వెనక్కి తీసుకోవాలని ఆమెకు అనిపించలేదు.

"అయితే అయ్యగారు నీకోసం అంత పొడుగున చేసిన ప్రార్థన వేస్టయిపోయినట్టేనా?" అంది చివరికి దానమ్మ.

"ఫలించినట్టే ఉందండి."

ముసలామె పొట్ట కదిలింది. తర్వాత మంచె కదిలింది. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "ఓసి నీ మొహం మండా! ఆ మాటేదో మొదటి రోజే చెబితే పోయేది కదే! కడుపుబ్బి చచ్చిపోయాను నేనిక్కడ. మోకాళ్ళు పోయాయి. నాకు మాత్రం ఇష్టమై వస్తున్నానా? ఆ పిల్ల ఒక్కత్తే ఉందే అని, నా సుఖం నేను చూసుకుంటే దేవుడేమనుకుంటాడోనని."

"మీకూ ఇష్టం లేదా?"

"నాకా? ఇక్కడేముంది, దుమ్మూ, దోమలూ. మా అరుగు మీద ఈ పాటికి నలుగురు చేరి ఉంటారు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "సరే, ఎలాగూ వచ్చాను, కడుపులో ఉన్నది కాస్త చెప్పి పోతాను. విను."

మూడు రోజులుగా దాచుకున్నదంతా చెప్పింది. అల్లుడి మోటారు సైకిలు, మనవరాలి టెంత్ పరీక్షలు, చర్చి మైకులో వచ్చే గుర్రు, అన్నీ. సుగుణ విన్నది. దీనికి ఒక చివర ఉందని తెలిసి వినడం వేరుగా ఉంది. మోటారు సైకిలు దగ్గర ఆమెకు నిజంగానే నవ్వొచ్చింది.

ఎండ వాలాక దానమ్మ ఒక్కొక్క మెట్టూ దిగింది. కింద నిలబడి తలెత్తి చూసింది. "ఒంట్లో బాగోకపోతే మాత్రం వస్తాను. అప్పుడు వద్దన్నావంటే తంతాను."

"అప్పుడు రండి పెద్దమ్మా."

గట్టు మీద నడుస్తున్న దానమ్మ వెనక్కి తిరిగితే, అడవిలోంచి కట్టెల మోపులతో వస్తున్న ఆడవాళ్ళు కనిపించారు. ఆమె గొంతు చేలన్నిటి మీదుగా స్పష్టంగా వినిపించింది. "మంచె దగ్గర ఆగకండర్రా, చప్పున వచ్చేయండి! సుగుణకు ఒక్కత్తే ఉండటం ఇష్టమంట!"

"అదేం ఇష్టమండీ?" అంది ఎవరో.

"ఏమోనే! ఇష్టమంట!"

తన మనసులోని మాట ఊరంతా వినేలా చేల మీద ఎగురుతుంటే సుగుణ సిగ్గు కోసం ఎదురు చూసింది. అది ఎంతకీ రాలేదు. మోపులు మోసుకొస్తున్న ఆడవాళ్ళు దారిలోంచి ఆమె వైపు ఒకసారి తలెత్తి చూసి, ఆగకుండా వెళ్ళిపోయారు. గాలి తాటాకుల్ని కాస్త కదిలించి వదిలేసింది. అడవి అంచున ఆవులు ఒక్కొక్కటే ఇంటిదారి పట్టాయి. వాటి మధ్య చుక్కల వీపు కనిపించేదాకా ఆమె కర్ర ముట్టుకోలేదు.